పియానో ప్లగిన్‌ను జీబీల్లో కొలవొద్దు

సంపాదకులకు,

ఇంట్లోనే పాటలు చేసుకునే కుర్రాళ్లు పియానో ప్లగిన్ (కంప్యూటర్‌లో పియానో శబ్దం ఇచ్చే సాఫ్ట్‌వేర్) గురించి మొదట అడిగేది ‘ఎన్ని జీబీ?’ అని. సైజు పెద్దదైతే అసలైన పియానోలా మోగుతుందన్న నమ్మకం పాతుకుపోయింది. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ మీద షార్ట్ ఫిల్ములకో క్రైస్తవ గీతాలకో ట్రాకులు చేసేవాళ్లు ఈ లెక్కతో వెళ్తే డబ్బు పోగొట్టుకుంటారు.

గారిటన్ సీఎఫ్ఎక్స్ అనే ప్లగిన్‌ను పూర్తిగా ఎక్కిస్తే 100 జీబీ దాటుతుంది. కీస్కేప్ 77 జీబీ. ఇలాంటివాటిలో అసలు పియానో స్వరాల రికార్డింగులు (శాంపిళ్లు) ఉంటాయి. ప్రతి స్వరం మొదలు మాత్రమే ర్యామ్‌లో ఉంటుంది, మిగతాది వాయిస్తుండగా డిస్క్ నుంచి వస్తుంది. ప్లగిన్‌లో మూడు మైకుల రికార్డింగులు ఆన్ చేసి, పెడల్ తొక్కిపెట్టి 40 స్వరాలు వాయిస్తే డిస్క్ ఒకేసారి 120 స్టీరియో ఫైళ్లు చదవాలి. పాత హార్డ్ డిస్క్‌కు అది అయ్యే పని కాదు, చిటపటలు మొదలవుతాయి, స్వరాలు మధ్యలో తెగిపోతాయి. ఈ శాంపిళ్ల లైబ్రరీని ఎస్ఎస్‌డీలోకి మార్చి, ఒక్క మైకే ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. పియానోటెక్ దారే వేరు. అందులో శాంపిళ్లు ఉండవు, తీగ కంపనాన్ని అప్పటికప్పుడు లెక్కగడుతుంది. సైజు పదుల ఎంబీలే కానీ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది.

ప్లగిన్‌ను తిట్టే ముందు కీబోర్డును చూడాలి. మధ్య ‘సి’ని మెల్లగా మొదలుపెట్టి గట్టిగా దాకా 20 సార్లు నొక్కి రికార్డు చేసి, నొక్కిన బలాన్ని చూపే వెలాసిటీ అంకెలు చూడండి. మామూలుగా నొక్కినా 110 దాటుతుంటే మెల్లగా నొక్కినప్పుడు మోగాల్సిన మెత్తని శాంపిల్ పొరలు మోగే అవకాశమే లేదు. ఏ పియానో అయినా రేకు డబ్బాలానే వినిపిస్తుంది. ముందు వెలాసిటీ కర్వ్ (ఎంత బలంగా నొక్కితే ఏ అంకె రావాలో చెప్పే సెట్టింగ్) సరిచేయాలి. సస్టైన్ పెడల్ 0, 127 (అంటే పూర్తిగా వదలడం, పూర్తిగా తొక్కడం) మాత్రమే పంపే రకమైతే, సగం పెడల్ సౌకర్యం ఉందని ఎక్కువ ధర పెట్టడం దండగ.

ఇంకోటి, మాస్టర్‌ను (అన్ని ట్రాకులూ కలిసిన చివరి శబ్దాన్ని) మోనోలో, అంటే కుడి ఎడమలను ఒకటిగా కలిపి వినాలి. దూరదూరంగా పెట్టిన మైకులతో తీసిన పియానో హెడ్‌ఫోన్లో విశాలంగా ఉంటుంది. అదే ఒకే స్పీకరున్న ఫోన్లో కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పలచబడతాయి. మన పాటలు ఎక్కువమంది వినేది ఫోన్లోనే కదా. ఇక తబలా, బేస్, స్ట్రింగ్స్ నిండిన పాటలో పియానో కింది భాగాన్ని (మంద్ర శబ్దాన్ని) 100 హెర్ట్జ్ దగ్గర కోసేస్తాం కాబట్టి, అక్కడ ఖరీదైన గ్రాండ్ గాంభీర్యం వినపడనే వినపడదు. ఒంటరి పియానోకైతే దాని విలువ తెలుస్తుంది.

ఉచితమైన సాలమాండర్ గ్రాండ్‌లో యమహా సీ5 శబ్దం 16 వెలాసిటీ పొరల్లో ఉంది. దాన్ని మోగించే స్ఫోర్జాండో ప్లేయర్ కూడా ఉచితమే. నేర్చుకునేవాళ్లు దాంతో మొదలుపెట్టడం మేలు. పియానోటెక్ ట్రయల్లో కొన్ని కీలు మోగవు, 20 నిమిషాలకు ఆగిపోతుంది. అయినా మీ ప్రాసెసర్ తట్టుకుంటుందో లేదో తేల్చుకోవడానికి అది చాలు.

మీ సాంకేతిక పేజీలో ఇలాంటి సాఫ్ట్‌వేర్లను పరిచయం చేసేటప్పుడు ధర పక్కనే డిస్క్ స్థలం, కావలసిన ర్యామ్, ట్రయల్ ఉందో లేదో కూడా వేయండి.

— ఒక కీబోర్డ్ ప్రోగ్రామర్, విజయవాడ