కాలిక్యులేటర్లు ఇక చాలు, జీ-కోడ్‌కు వ్యాకరణం రాయించండి

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టులు అమీర్‌పేటలో కొనుక్కొచ్చినవే అవుతున్నాయని మీ చదువుల పేజీలో రాశారు. పిల్లలను తిట్టడం తేలికే. చేయదగ్గ పని ఒకటి చూపిద్దామని ఈ ఉత్తరం.

నేను బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో సి.ఎన్.సి. లేత్‌లకు, అంటే కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రాలకు, ప్రోగ్రాములు రాస్తాను. మా అమ్మాయి చదివేది కంప్యూటర్ సైన్సు. కంపైలర్ల ల్యాబులో, ఒక భాషను చదివే ప్రోగ్రాములు తయారుచేసే లెక్స్, యాక్ అనే పనిముట్లు ముందేసుకుని వాళ్లు చేసేది కూడికలు, తీసివేతల కాలిక్యులేటర్. అంతకుముందు బ్యాచ్ చేసిందీ అదే. దాని బదులు మా యంత్రాలు నడిచే జీ-కోడ్‌కు వ్యాకరణం, దాని ప్రకారం ప్రోగ్రామును చదివి తప్పులు పట్టే పార్సర్ రాయమనండి.

పైకి ఇంత సులువైన భాష మరొకటి ఉండదు. ఒక అక్షరం, పక్కన ఒక సంఖ్య. అలాంటివి కొన్ని కలిస్తే ఒక బ్లాక్, అంటే ఒక వరుస. 'జీ01 ఎక్స్40. జెడ్-25. ఎఫ్0.2' అంటే జాబ్‌ను (కోయాల్సిన లోహపు ముక్కను) పట్టుకుని తిప్పే చక్ ఒక్కసారి తిరిగేలోగా 0.2 మి.మీ. చొప్పున జరుగుతూ కోసే టూలు ఆ స్థానానికి తిన్నగా వెళ్లాలి. తాళపత్రంలోలాగా ఖాళీలు లేకుండా గుదిగుచ్చి రాసినా యంత్రాన్ని నడిపే కంట్రోలర్ చదువుకుంటుంది. ఇంతవరకు పిల్లలు ఒక పూటలో రాసేస్తారు.

తర్వాతే ఉంది తిప్పలు. 'యు' అక్షరాన్నే తీసుకోండి. ఫానుక్ కంపెనీ కంట్రోలర్ ఉన్న లేత్‌లో మామూలు బ్లాకులో యు అంటే ఉన్నచోటి నుంచి వ్యాసం ఎంత మారాలో చెప్పేది. అదనపు లోహాన్ని పొరలు పొరలుగా తీసేసే జీ71 అనే రఫింగ్ సైకిల్‌ను రెండు బ్లాకుల్లో రాస్తాం. మొదటి బ్లాకులో 'యు2.' అంటే ఒక్కో కోత లోతు, అదీ వ్యాసార్ధం మీద. రెండో బ్లాకులో 'యు0.4' అంటే ఫినిషింగ్ కోసం వ్యాసం మీద వదిలే లోహం. అక్కడే 'పీ10 క్యూ20' అని ఉంటే, ఎన్10 నుంచి ఎన్20 దాకా నంబర్లున్న బ్లాకులు జాబ్ ఆకారాన్ని చెబుతాయన్నమాట. ఎన్20 రాయడం మరిచిపోతే? 'అక్షరం తర్వాత సంఖ్య' అన్న నియమం దాన్ని పట్టుకోలేదు. పైగా సీమెన్స్ కంట్రోలర్‌లో ఇదే జీ71కు 'కొలతలు మిల్లీమీటర్లలో ఉన్నాయి' అని అర్థం.

'జీ04 పీ500' ఫానుక్‌లో అర సెకను విరామం. ఉచితంగా దొరికే లినక్స్‌సీఎన్‌సీ అనే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌లో అదే 500 సెకన్లు. ఆపరేటర్ టీ తాగి రావచ్చు. రెండు చోట్లా వ్యాకరణం ఒప్పే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది దశాంశ చుక్క. 'ఎక్స్40.' అనడానికి చుక్క వదిలేసి 'ఎక్స్40' అంటే, చాలా ఫానుక్ యంత్రాల్లో ఉండే సెట్టింగు ప్రకారం అది 40 మి.మీ. కాదు, 40 మైక్రాన్లు, అంటే 0.04 మి.మీ. టూలు జాబ్ మధ్యకు దూసుకుపోతుంది. పోయేది టూలు కొసన బిగించే ఇన్సర్ట్ ఒక్కటే అయితే అదృష్టం. కోత లేకుండా ఖాళీగా నడిపి చూసే డ్రై రన్ చేయాలని మాకూ తెలుసు. అర్జెంటు ఆర్డరున్న రాత్రి షిఫ్టులో ఎందరు చేస్తారో కూడా తెలుసు. యంత్రంలోకి ఎక్కించే ముందే 'ఈ వరుసలో చుక్క లేదు, చూసుకోండి' అని చెప్పే పార్సర్ ఉంటే మాలాంటి చిన్న షెడ్లకు అదే పెద్ద సాయం.

మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. జీ-కోడ్‌కు ఐఎస్ఓ 6983 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నా తయారీదారులు ఎవరి మాండలికం వాళ్లు పెంచుకున్నారు, నిజమే. కానీ అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2000లో జీ-కోడ్‌ను చదివి అమలుచేసే తన ఇంటర్‌ప్రెటర్ గురించి ఇచ్చిన నివేదికలో ఈ భాష వ్యాకరణ సూత్రాలను వరుసగా రాసిపెట్టింది. అక్కడి నుంచి ఫానుక్ మాండలికానికి రావడం ఒక సెమిస్టరుకు సరిపడే పని. కంప్యూటర్ విద్యార్థులు ఇద్దరు, మెకానికల్ వాళ్లు ఇద్దరు కలిసి చేయాలి. ఒక్క బ్రాంచి వాళ్లతో అయ్యేది కాదు.

పరీక్షించడానికి ప్రోగ్రాములు కావాలంటే పిల్లలను జీడిమెట్లకో చర్లపల్లికో మా దగ్గరకో పంపండి. కస్టమర్ పేర్లు, పార్టు నంబర్లు యంత్రం పట్టించుకోని, బ్రాకెట్లలోని కామెంట్లలో ఉంటాయి కాబట్టి అవి తీసేసి ఇస్తాం. ఆ తీసేసే ప్రోగ్రాము కూడా వాళ్లే రాసి తెచ్చుకుంటే మాకు ఇంకా మంచిది.

— ఒక సి.ఎన్.సి. ప్రోగ్రామర్, బాలానగర్, హైదరాబాద్