అనామతు ఖాతాలో నేను

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. అందులో నాలుగు పేజీలు గ్రానైట్ గురించి, ఒకే ఒక్క వాక్యం నా గురించి. "అయిదేళ్లు రాళ్లు చదివి చివరికి లెక్కలు రాస్తున్నావా?" అని. చదవగానే ఒళ్లు మండింది. రెండు రోజులు కలం ముట్టలేదు. మూడో రోజుకి చల్లబడ్డాను. ఈ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నన్ను నేను అడుగుతున్నదే నువ్వూ అడిగావు మరి. కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఇంటర్వ్యూ సంగతి. "భూగర్భశాస్త్రం చదివి అకౌంట్స్ విభాగానికి ఎందుకు వచ్చారు?" అని అడుగుతారని తెలుసు. కొత్త రంగమంటే ఆసక్తి, నేర్చుకోవాలన్న తపన, ఇలా ఒక జవాబు బట్టీ పట్టి వెళ్లాను. నోరు తెరిచేసరికి అది కాస్తా ఎగిరిపోయి నిజం బయటపడింది. "ఎనిమిది నెలలుగా మా సబ్జెక్టులో ఏదీ దొరకలేదండీ. ఇంకా ఇంట్లో కూర్చోవడం నావల్ల కాదు." పని అయిపోయిందనుకున్నాను. ఎదురుగా ఉన్న పెద్దావిడ కళ్లజోడు తీసి నన్నొకసారి చూశారు. "పొరపాటు జరిగితే దాచకుండా చెబుతావా బాబూ?" అన్నారు. చెబుతానన్నాను. "అయితే మిగతాది నేర్పవచ్చు" అన్నారు. ఇప్పుడు నా పై అధికారి ఆవిడే.

మొదటి నెల నరకం. నేను బ్యాంకులో వేసిన డబ్బు మా పుస్తకంలో డెబిట్. అదే డబ్బు బ్యాంకు పంపిన పట్టికలో క్రెడిట్! వాళ్లే తప్పు రాశారని అరపూట ధీమాగా ఉన్నాను. ఆ డబ్బు మనకు ఆస్తి, బ్యాంకుకు మాత్రం మనకు తీర్చవలసిన బాకీ, అందుకే తిరగబడుతుందని ఆవిడ చెప్పాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకే కొండను నువ్వు తూర్పు నుంచి, నేను పడమర నుంచి బొమ్మ గీసి పోట్లాడుకున్నాం చూడు, సరిగ్గా అదే.

ఒక సాయంత్రం అంకణా, అంటే డెబిట్ల మొత్తం క్రెడిట్ల మొత్తంతో సరిపోయిందో లేదో చూసే పట్టిక, కుదరలేదు. రెండు వైపులకూ తేడా 180. అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు, నేను ఒక్కో పద్దూ తడుముతున్నాను. ఆవిడ వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "తొమ్మిదితో భాగించావా?" అన్నారు. భాగించాను, శేషం లేదు. "అయితే పక్కపక్క అంకెలు ఎక్కడో తారుమారు చేసి ఉంటావు" అని వెళ్లిపోయారు. నిజంగానే 5,640 రాయవలసిన చోట 5,460 రాశాను. అలా రెండంకెలు అటూఇటూ అయితే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. కావాలంటే వేసి చూసుకో. తొమ్మిదితో పోకపోతే తేడాను సగం చేసి, ఆ మొత్తం కోసం వెతకాలి. డెబిట్ వైపు రాయవలసినది క్రెడిట్ వైపు పడి ఉండవచ్చు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదురా, సంతోషంతో. కంటికి కనబడే వంపును బట్టి కంటికి కనబడని పగులు ఎక్కడుందో చెప్పడమే కదా మనం నేర్చుకున్నది! మరో విడ్డూరం విను. అంకణా కుదిరినంత మాత్రాన లెక్క సరైనదని కాదు. అసలు రాయనే రాయని పద్దు రెండు వైపులా ఉండదు, కాబట్టి తేడా చూపదు. రాతి పొరలు కొట్టుకుపోయి కోట్ల ఏళ్ల చరిత్ర మాయమైనా, పై పొర కింది పొర మీద ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంటుంది చూడు, అచ్చం అలాగే.

ఇక చదివినదంతా వృథా కదా అన్నట్టు అడిగావు. అడుగు పొర పాతది, పై పొర కొత్తది అని 1669లో రాసిన స్టెనో చదివింది వైద్యం. 1666లో సొర చేప తల కోస్తూ దాని పళ్లు చూశాకే రాళ్ల మీద ఆయన ఆలోచన గట్టిపడింది. భూగర్భశాస్త్రానికి పునాది వేసిన హట్టన్ కూడా వైద్యం చదివి, వ్యవసాయం చేసి, ఆ తరువాతే మన దారికి వచ్చాడు. నేను రాస్తున్న జంటపద్దు విధానాన్ని, అంటే ప్రతి మొత్తాన్నీ డెబిట్ వైపూ క్రెడిట్ వైపూ రాసే పద్ధతిని, 1494లో వెనిస్‌లో అచ్చు వేయించిన పాచోలి వ్యాపారి కాదు, గణితం చెప్పే సన్యాసి. వాళ్లతో నన్ను పోల్చుకోవడం లేదు, అంత పొగరు లేదు. నీ ప్రశ్నకు వాళ్లు కూడా జవాబు చెప్పుకోవలసి వచ్చి ఉంటుందని మాత్రం అంటున్నాను.

పోయింది ఏమీ లేదని బుకాయించను. మొన్న ఒక రాయి చూసి దానిలోని ఖనిజం పేరు గుర్తు రాక గుండె జారింది. నీ ఉత్తరంలో క్యాంపు సంగతులు చదివితే అసూయ కలిగింది. ఎన్నేళ్లు దూరంగా ఉంటే తిరిగి రావడం అంత కష్టమవుతుందనీ తెలుసు.

మా పుస్తకాల్లో అనామతు ఖాతా అని ఒకటుంది. ఎక్కడిదో తేలని మొత్తాన్ని తేలేదాకా అందులో ఉంచుతారు. తప్పేమీ లేదు, కానీ ఎక్కువ కాలం ఉంచకూడదు, ఉంచితే ఆవిడ ఊరుకోరు. ప్రస్తుతం నేను నన్ను అందులోనే వేసుకున్నాను. గడువు రెండేళ్లు. ఆలోగా మన సబ్జెక్టులో పని దొరికితే వస్తాను. లేకపోతే ఖాతా మూసి, లెక్కల పరీక్షలకు కడతాను. ఇలా తేదీ పెట్టుకున్నాక మనసు కుదుటపడింది.

ఒక సాయం చెయ్యి. క్యాంపుకు సహాయకులు కావాలని ఎవరైనా అడిగితే ముందు నాకు చెప్పు. సెలవులన్నీ దాచుకుంటున్నాను. పోతే, నా సుత్తి నీ దగ్గరే ఉండిపోయింది. మరిచిపోయాననుకోకు, రావలసిన బాకీల కింద నీ పేరున రాసి ఉంచాను.

నీ
పాత బెంచీ మిత్రుడు