వార్షిక నివేదిక: స్తంభానికి ఆకాశం రంగు ఎందుకంటుకుంది?

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో మన వ్యాన్ తీసిన వీధి స్కాన్‌ను (లేజర్‌తో దూరాలు కొలిచి, ఫొటోల నుంచి రంగులద్దిన బొమ్మను) తెర మీద చూపించినప్పుడు మీలో చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. కరెంటు స్తంభానికి ఆకాశం రంగు ఎందుకంటుకుంది? స్తంభం బూడిద రంగేమో వెనకున్న గోడ మీద పడింది. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాం. ఉగాది నుంచి ఉగాది దాకా కార్యవర్గం పడ్డ కష్టంలో ఎక్కువ భాగం ఆ జవాబు కోసమే. కాబట్టి ఈ నివేదికలోనూ ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

మన వ్యాన్ పైనున్న వీఎల్‌పీ-16 స్కానర్‌లో 16 లేజర్లు నిమిషానికి 600 చుట్లు తిరుగుతాయి. అంటే ఒక చుట్టుకు 100 మిల్లీసెకన్లు. చీకట్లో టార్చిలైటు తిప్పుతూ చుట్టూ చూసుకున్నట్టు అది ఒక్కో దిక్కునూ ఒక్కో వేళ చూస్తుంది. కెమెరా అలా కాదు, తన ఎదురుగా ఉన్నదాన్నంతా ఒకేసారి పట్టేస్తుంది. ఇన్నాళ్లూ రెండింటినీ వాటి మానాన వదిలేసి, కంప్యూటర్‌కు చేరిన వేళను బట్టి ఫొటోకూ స్కాన్‌కూ జత కుదిర్చాం. తప్పంతా అక్కడే ఉంది. చూసిన వేళ వేరు, చేరిన వేళ వేరు. రెండింటి మధ్య సగం చుట్టు, అంటే 50 మిల్లీసెకన్లు, తేడా వచ్చిందనుకోండి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఆలోపు అరమీటరు జరిగిపోతుంది. మెల్లగా నడిపితే సరిపోదా అని కొందరు సభ్యులు అడిగారు. తిన్నటి రోడ్డు మీద కొంతవరకు సరిపోతుంది, మలుపులో సరిపోదు. సెకనుకు 30 డిగ్రీల చొప్పున తిరుగుతున్న బండిలో అదే 50 మిల్లీసెకన్లకు ఒకటిన్నర డిగ్రీ తేడా వస్తుంది. 20 మీటర్ల అవతలి గోడ దగ్గర అదీ అరమీటరే.

మొదట గడియారాలు కలిపితే చాలనుకున్నాం. జీపీఎస్ రిసీవర్ ప్రతి సెకనుకూ ఒక పల్స్, అంటే చిన్న విద్యుత్ సంకేతం, ఇస్తుంది. దాన్ని స్కానర్‌కూ కంప్యూటర్‌కూ కలిపాం. దాంతో తేడా ఎంతో తెలిసింది గానీ తేడా మాత్రం పోలేదు, ఎందుకంటే కెమెరా ఇంకా లేజర్ ఎటు చూస్తున్నా పట్టించుకోకుండా క్లిక్‌మంటూనే ఉంది. ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్లున్నారు. జర్మనీలోని కార్ల్‌స్రూయెలో సేకరించి 2012లో బయటపెట్టిన, డ్రైవర్ లేని కార్ల పరిశోధనకు వాడే కిట్టి డేటాసెట్‌లో, తిరిగే స్కానర్ ముందువైపు తిరిగినప్పుడే కెమెరాలు క్లిక్‌మనేలా కట్టారు. తర్వాత బోస్టన్, సింగపూర్ రోడ్లలో సేకరించిన మరో డేటాసెట్ న్యూసీన్స్‌లో, లేజర్ ఒక్కో కెమెరా చూపు మధ్యను దాటే క్షణంలో ఆ కెమెరా తీస్తుంది. మనమూ ఆ పద్ధతే పట్టుకున్నాం.

వీఎల్‌పీ-16లో ఫేజ్ లాక్ అనే సదుపాయం ఉంది. సెకను పల్స్ వచ్చే క్షణానికి లేజర్ మనం చెప్పిన దిక్కుకే చూసేలా అది మోటారును సర్దుకుంటుంది. సెకనుకు సరిగ్గా 10 చుట్లు కాబట్టి లెక్క చెదరదు. అదే పల్స్ నుంచి లెక్కపెట్టి మైక్రోకంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్ చిప్ కెమెరాలకు సంకేతం ఇస్తుంది: ముందు కెమెరాకు సున్నా దగ్గర, కుడి కెమెరాకు 25, వెనక కెమెరాకు 50, ఎడమ కెమెరాకు 75 మిల్లీసెకన్లకు.

ఇది సరిగా పనిచేస్తోందో లేదో ఒక సభ్యుడి ఇంటి ముందుగదిలో రాత్రిపూట దీపాలార్పి చూశాం. ఆ లేజర్ వెలుగు 905 నానోమీటర్లది, మన కంటికి ఆనదు. ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ లేని బ్లాక్ అండ్ వైట్ కెమెరాకు మాత్రం కనిపిస్తుంది. సున్నం కొట్టిన గోడ ఎదురుగా దాన్ని నిలిపితే తెర మీద తెల్లని పట్టీ కనిపించింది. కెమెరాకు సంకేతం తెచ్చే ట్రిగ్గర్ తీగ లేనంతసేపూ ఆ పట్టీ ఒక పక్కకు మెల్లగా పాకుతూ పోయింది. తీగ పెట్టగానే ఆగింది. గదిలో ఉన్న ఆరుగురమూ ఒక్కసారి చప్పట్లు కొట్టాం. అయితే పట్టీ మధ్యలో ఆగలేదు, 7 డిగ్రీలు కుడికి తప్పి ఆగింది. కారణం పట్టుకోవడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. ఎక్స్‌పోజర్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) 4 మిల్లీసెకన్లు. లేజర్ మధ్యకు వచ్చాక షట్టర్ తెరుస్తున్నాం, కానీ ఎక్స్‌పోజర్ నడిమి క్షణం మధ్యలో పడాలి. సంకేతాన్ని 2 మిల్లీసెకన్లు ముందే వచ్చేలా జరిపాక పట్టీ నట్టనడుమకు వచ్చింది.

ఆ తర్వాత సాయంత్రం తిప్పిన స్కాన్‌లో రంగులు మళ్లీ చెదిరాయి. వెలుతురు తగ్గేకొద్దీ ఆటో ఎక్స్‌పోజర్ 12 మిల్లీసెకన్ల దాకా సాగింది, నడిమి క్షణం 4 మిల్లీసెకన్లు ఆలస్యమైంది. లేజర్ లెక్కలో అది 14 డిగ్రీలు దాటుతుంది. ఇప్పుడు ఎక్స్‌పోజర్ స్థిరం, గెయిన్ (సెన్సార్ సంకేతాన్ని పెంచే మోతాదు) ఒక్కటే ఆటోలో ఉంది. దయచేసి ఎవరూ ఆ సెట్టింగ్ మార్చకండి.

ఒక నష్టం కూడా చెప్పాలి. గ్లోబల్ షట్టర్ (ఫొటో మొత్తం ఒకేసారి తీసేది) అని చెప్పగా కొన్న సెకండ్‌హ్యాండ్ కెమెరా తీరా చూస్తే రోలింగ్ షట్టర్, అంటే ఫొటోను వరస తర్వాత వరసగా తీసేది. తిరిగే సీలింగ్ ఫ్యాన్‌ను ఫొటో తీస్తే రెక్కలు కొడవళ్లలా వంగి కనిపించాయి. అమ్మినవారు వాపసు తీసుకోలేదు. ఇకపై ఏ కెమెరా అయినా ఫ్యాన్ పరీక్ష అయ్యాకే డబ్బు చెల్లించాలని తీర్మానించాం. ఎడమ కెమెరా స్థానం అందుకే ఇంకా ఖాళీగా ఉంది.

నెలవారీ సమావేశాలు, పిల్లలకు సోల్డరింగ్ నేర్పిన ఆదివారాలు ఎప్పటిలాగే సాగాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు.

మిగిలిన పని ఒకటుంది. 90 డిగ్రీల చూపున్న కెమెరాకు మధ్యలో వేళ కుదిరినా, రెండంచుల దగ్గర లేజర్ 12.5 మిల్లీసెకన్లు ముందో వెనకో ఉంటుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో అది పన్నెండున్నర సెంటీమీటర్లు. లేజర్ కొలిచిన ప్రతి బిందువునూ బండి కదలికను బట్టి సవరించాలి. ఆ ప్రోగ్రాం సగమే అయింది, లెక్కలు బాగా వచ్చిన ఇద్దరు సభ్యుల సాయం కావాలి. ట్రిగ్గర్ పెట్టె వైరింగ్ బొమ్మ బీరువా తలుపు లోపల అంటించి ఉంది. అదే వీధి కొత్త స్కాన్ ఈ సమావేశంలో చూపిస్తాం. స్తంభం దగ్గరకు వెళ్లి చూడండి.

— కార్యదర్శి