గెర్‌ట్రూడ్ ఎడర్లీ గురించి చిట్టికి

చిరంజీవి చిట్టికి, అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. పోటీలు ముగిసినప్పటి నుంచి నీ ఫోను లేదు. నాన్నగారు చేసినా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నావట. అది అడగడానికి వ్రాయడం లేదు. నీకు ఇష్టమైన అమెరికా ఈతగత్తె ఎడర్లీ గురించి ఈ మధ్య చదివాను, ఆ సంగతులు చెబుదామని.

ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు మధ్య ఉన్న సముద్రం, అదే ఇంగ్లిష్ ఛానెల్, ఆమె ఈది దాటిన 1926 ఆగస్టు 6 గురించే నువ్వెప్పుడూ చెబుతావు. నాకు మాత్రం అంతకు ముందటి ఏడాదే మనసులో నిలిచింది. పారిస్ ఒలింపిక్స్‌లో రిలే స్వర్ణం, రెండు కాంస్యాలు గెలిచిన పిల్ల, 1925లో ఆ ఛానెల్ ఈదుతుంటే, మునిగిపోతోందనుకున్న కోచ్ వోల్ఫ్ మాట మీద ఇంకో ఈతగాడు ఆమెను పట్టుకున్నాడు. మనిషి చెయ్యి తగిలితే ఆ ఈత చెల్లదు. తాను అలుపు తీర్చుకుంటున్నానే గాని మునగడం లేదని ఆమె ఎంత చెప్పినా లాభం లేకపోయింది. అలాగని ఆ పిల్ల ఇంట్లోవాళ్ళకు మొహం చాటేయలేదమ్మా. మరుసటి ఏడాది తండ్రి, అక్క మార్గరెట్ తోడుగా పడవలో వచ్చారు. కోచ్‌గా బర్జెస్‌ను పెట్టుకుంది. ఆయన 1911లో స్వయంగా ఆ ఛానెల్ ఈదినవాడు. చలికి ఒంటినిండా కొవ్వు పట్టించుకుని, కళ్ళద్దాల అంచులకు మైనం పూసుకుని, పొద్దున్నే ఫ్రాన్స్ తీరంలో గ్రీ నే దగ్గర నీళ్ళలో దిగింది. ఆహారం కూడా ఎవరి చెయ్యీ తగలకుండా పడవ నుంచి నీళ్ళలోకే అందించారు. (నువ్వు పొద్దున ఏమీ తినకుండా ఈతకొలనులో దిగుతున్నావని విన్నాను, కనీసం అరటిపండైనా తిను.) మధ్యాహ్నానికి గాలి, వాన పెరిగి, వచ్చేయమని పడవలోవాళ్ళు అరిస్తే, ఎందుకని తిరిగి అడిగిందట. రాత్రి ఇంగ్లండులో కింగ్స్‌డౌన్ ఒడ్డు చేరేసరికి పద్నాలుగున్నర గంటలు దాటింది. అంతకు ముందు ఈదిన అయిదుగురూ మగవాళ్ళే, వాళ్ళలో అందరికన్నా వేగంగా ఈదినవాడికి 16 గంటల 33 నిమిషాలు పట్టింది.

ఇదంతా నీకు తెలుసు. ఆమెకు చిన్నప్పుడు తట్టు పోసి వినికిడి దెబ్బతిన్నదని, ఈత మానకపోతే ఇంకా పోతుందని డాక్టర్లు చెప్పారని కూడా తెలుసా? ఆమె మానలేదు. 1940ల నాటికి దాదాపు చెవుడే వచ్చింది. ఆ తరువాత చెవిటి పిల్లలకు ఈత నేర్పింది, 98 ఏళ్ళు బ్రతికింది. ఆ ధైర్యానికి చేతులెత్తి దండం పెడతాను, కానీ నేను నీ తల్లిని.

నీ ఎడమ చెవి కారుతోందని, దూది పెట్టుకుని తిరుగుతున్నావని, కోచ్‌కు చెప్పవద్దని స్నేహితురాళ్ళ చేత ఒట్టు వేయించుకున్నావని సరళత్తయ్య నోట విన్నాను. చెబితే జట్టులోంచి తీసేస్తారని నీ భయం కావచ్చు. ఎడర్లీ తన వినికిడి సంగతి తెలిసే ఆ దారి ఎంచుకుంది. నువ్వు డాక్టరుకు చూపించకుండా, ఏమైందో తెలియకుండా ఎలా నిర్ణయించుకుంటావు? మీ తాతయ్య కూడా ఇలాగే దాచుకున్నారు.

శనివారం పొద్దున బండికి నాన్నగారు వస్తున్నారు. చెవుల డాక్టరు దగ్గర పేరు వ్రాయించారు. అంతవరకు నీళ్ళలో దిగవద్దు, చెవిలో కొబ్బరినూనె పోయవద్దు. సున్నుండలు పంపుతున్నాను, అన్నీ పంచిపెట్టేయక నువ్వూ తిను.

ఆశీస్సులతో,
అమ్మ