ట్రక్కు అంటే మా ఊళ్లో లారీ కాదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ముప్పై నాలుగేళ్లు స్టీరింగు పట్టినవాణ్ణి. అందులో తొమ్మిదేళ్లు కువైట్‌లో గడిచాయి. మిగతా సర్వీసంతా రావులపాలెం నుంచి ఒడిశాకు అరటి గెలల లోడు తోలడమే. ఇప్పుడు ఇంటిపట్టునే ఉండి, పొద్దున్నే పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతాను. వార్తల్లో బండ్ల పేర్లు రాసే తీరు గురించి ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నెల ఒక శనివారం మా చెల్లెలి కుటుంబం, ఇరుగుపొరుగు వాళ్లు కలిసి పధ్నాలుగు మంది ట్రాక్టరు మీద వాడపల్లి వెంకన్న దర్శనానికి బయల్దేరారు. వాళ్లు వెళ్లిన గంటకు ఒక టీవీ ఛానల్‌లో కింద స్క్రోలింగ్ వచ్చింది: ‘హైవేపై ట్రక్కు బోల్తా, పలువురికి గాయాలు’. గోదావరి జిల్లాల్లో ట్రక్కు అంటే ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి. ధాన్యం బస్తాలు మిల్లుకు వెళ్లేది ట్రక్కు మీద, ఇసుక బేరమాడేది ట్రక్కు లెక్కన. ట్రాక్టరుకు ఒక నంబరు ఉంటే ట్రక్కుకు వేరే నంబరు, వేరే రిజిస్ట్రేషను. ఆ స్క్రోలింగ్ చూసి మా ఇంట్లో ఎవరు మాత్రం ఇంకోలా అనుకుంటారు? చెల్లెలు ఫోను ఎత్తదు. బావ ఫోను కలవదు. మా ఆవిడ దేవుడి గదిలో కూర్చుండిపోయింది. నలభై నిమిషాలకు తెలిసింది, బోల్తా పడింది సిమెంటు లారీ అని. మావాళ్లు గుళ్లో క్యూలో ఉన్నారు, ఫోన్లు సంచిలో ఉండిపోయాయి.

ట్రక్కులో మనుషుల్ని ఎక్కించడం తప్పే. ఆ మాట మా బావకు ఆ సాయంత్రమే గట్టిగా చెప్పాను. కానీ లారీని లారీ అని రాసి ఉంటే మాకు ఆ టెన్షన్ ఉండేది కాదు. నాకు ఇప్పటికీ మనసులో మెదిలేది ఇంకొకటి ఉంది. ఆ లారీలో దెబ్బలు తగిలిన ముఠా కూలీల ఇళ్లలో కూడా ఎవరో ఒకరు టీవీ చూస్తూనే ఉండుంటారు. ట్రక్కు అని చదివి, ‘మనవాళ్లు వెళ్లింది లారీలో కదా’ అనుకుని, తిరిగి పనిలో పడి ఉంటారు.

ఈ మాట ఎక్కడి నుంచి వస్తోందో ఊహించగలను. ఉత్తరాది వాళ్లు లారీని ట్రక్కే అంటారు, అమెరికా వాళ్లూ అంతే. అక్కడి నుంచి వచ్చిన వార్తను ఉన్నదున్నట్టు దించేయడం అలవాటై, ఇక్కడి వార్తకూ అదే పేరు పెడుతున్నారు. లారీ అనేది పాతబడిన మాట అనుకునే కుర్రవాళ్లు కూడా ఉన్నారు. బ్రిటన్‌లో ఇవాళ్టికీ లారీయే. మలేసియాలో మలయ్ భాషలోనే లోరీ అని రాస్తారు. మన చుట్టుపక్కల తమిళులు, కన్నడిగులు, మలయాళీలు అందరిదీ ఇదే మాట.

కువైట్‌లో దిగిన మూడో రోజు మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, నన్ను పిలిచి ‘హాఫ్ లారీ తీసుకురా’ అన్నాడు. సగం లారీ ఏమిటో నాకు బోధపడలేదు. యార్డులో రెండుసార్లు తిరిగాను. చివరికి రాజంపేట డ్రైవరు ఒకతను ‘అదేన్నా, ఆ తెల్లబండే’ అని చూపించాడు. తీరా చూస్తే మన మినీ లారీ. ఇళ్లు మారేవాళ్ల సామానంతా అక్కడ దాంట్లోనే తోలేవాళ్లం. పికప్ బండిని వనెట్ అంటారు. అది నేర్చుకోవడానికి ఇంకో వారం పట్టింది.

విదేశీ వార్తల్లో చిక్కు ఇంకా ఎక్కువ. దక్షిణాఫ్రికాలో ట్యాక్సీ అంటే మామూలుగా పదిహేను మంది దాకా ఎక్కే వ్యాను, మన షేర్ ఆటోలాగే దారిలో ఆపి ఎక్కించుకుంటూ పోతుంది. ట్యాక్సీ బోల్తా పడి పన్నెండు మందికి గాయాలు అని రాస్తే, కారులో అంతమంది ఎలా పట్టారని చదివేవాడికి సందేహం రాదా? ఢాకాలో సీఎన్‌జీ అంటే గ్యాసుతో నడిచే ఆటో. అదే ఆటో టాంజానియాలో బజాజీ. మన పుణె కంపెనీ పేరే అక్కడ బండి పేరైంది. ఆస్ట్రేలియాలో రోడ్ ట్రైన్ అనేది రైలు కాదు, ఒకే ఇంజను బండి మూడు నాలుగు పెద్ద ట్రైలర్లను లాక్కుపోతుంది. మొత్తం పొడవు యాభై మీటర్లు కూడా దాటుతుందంటే, అంత బండిని మలుపు తిప్పే డ్రైవరుకు నేను దండం పెడతాను.

మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు. మేము వెళ్లినప్పుడు ముందు కారులా, వెనక సామాను తొట్టితో ఉండే బండి చూపించి ‘దీన్ని యూట్ అంటారు నాన్నా’ అని దాని కథ చెప్పాడు. 1932లో విక్టోరియా రాష్ట్రంలో ఒక రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసిందట. ఆదివారం చర్చికి పోవడానికి, సోమవారం పందుల్ని సంతకు తోలడానికి ఒకే బండి కావాలని అడిగిందట. లూ బాండ్ట్ అనే కుర్ర డిజైనరు బండి గీశాడు. 1934లో జీలాంగ్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. కంపెనీ పెట్టిన పేరు కూపే యుటిలిటీ, జనం నోట్లో పడి యూట్ అయింది. అక్కడి వార్త రాసేటప్పుడు ట్రక్కు అంటే అది తప్పు, ఊరికే యూట్ అని వదిలేస్తే మాకు తెలియదు. ‘వెనక తొట్టి ఉండే యూట్ అనే బండి’ అని నాలుగు మాటలు కలిపితే మా అమ్మకు కూడా అర్థమవుతుంది.

జిల్లా వార్తలకు అంత శ్రమ కూడా అక్కర్లేదు. విలేకరి తన ఊరి మాటలో పంపిన పేరును డెస్కులో మార్చకుండా ఉంచితే చాలు. మా వియ్యంకుల ఊరు సిద్దిపేట దగ్గర, వాళ్లు మా ట్రక్కును ట్రాలీ అంటారు. ఆ ఎడిషన్‌లో ట్రాలీ అనే రాయండి.

ఆ రోజు స్క్రోలింగ్ రాసింది ఎవరో నాకు తెలియదు, వాళ్ల మీద కోపమూ లేదు. మీ దగ్గర కొత్తగా చేరిన సబ్ఎడిటర్లు ఎవరైనా ఇటు వస్తే రావులపాలెం అరటి మార్కెట్‌కు రమ్మనండి. లారీలు, మినీ వ్యాన్లు, ట్రాక్టరు ట్రక్కులు అన్నీ వరసగా ఆగి ఉంటాయి. నేను దగ్గరుండి ఒక్కొక్కటే చూపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లారీ డ్రైవరు,
రావులపాలెం, కోనసీమ జిల్లా