ఫోస్టర్ ఒక్కడే కాదు

అమ్ములూ,

"సెమినార్‌కి నార్మన్ ఫోస్టర్‌ని తీసుకున్నానమ్మా, బిల్డింగుల ఫొటోలు పెట్టేస్తే అయిపోతుంది" అన్నావు ఫోన్‌లో. అయిపోతుంది, మార్కులూ వేస్తారు. కానీ పాలిటెక్నిక్‌లో ఇన్నేళ్లు సివిల్ డ్రాయింగ్ చెప్పినదాన్ని, ఊరుకోలేకపోతున్నాను.

ఈ బ్రిటిష్ ఆర్కిటెక్ట్ ఫోస్టర్ మాంచెస్టర్‌లో కష్టజీవుల ఇంట పెరిగాడు. పదహారేళ్లకే బడి మానేసి టౌన్‌హాల్‌లో గుమాస్తాగా చేరాడు. తర్వాత తన ఖర్చులు తనే సంపాదించుకుంటూ ఆర్కిటెక్చర్ చదివాడు. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో తోటి విద్యార్థి రిచర్డ్ రోజర్స్ పరిచయమయ్యాడు. 1963లో లండన్‌లో ఇద్దరూ మరికొందరితో కలిసి 'టీమ్ 4' అనే ఆర్కిటెక్చర్ సంస్థ పెట్టారు. అప్పటికి సొంతంగా ప్రాక్టీసు చేసే అర్హత ఉన్నది వాళ్లలో ఒక్క జార్జీ చీజ్‌మన్‌కే! ఆమె కొన్ని నెలలకే తప్పుకుంది. టీమ్ విడిపోయాక 1967లో ఆమె చెల్లెలు వెండీ, ఫోస్టర్ కలిసి ఫోస్టర్ అసోసియేట్స్ మొదలుపెట్టారు. అదే ఇవాళ్టి ఫోస్టర్ ప్లస్ పార్ట్‌నర్స్. వెండీ 1989లో పోయింది. నీ స్లయిడ్ల మీద ఆ అక్కచెల్లెళ్ల పేర్లు లేకపోయాయో, నేనే వచ్చి వెనక బెంచీలోంచి లేచి అడుగుతాను.

ఇక పని సంగతి. హాంకాంగ్‌లో 1985లో పూర్తయిన హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు చూడు. ఎత్తైన మేడ అనగానే లిఫ్టులు, మెట్లు, పైపులు అన్నీ నట్టనడుమ పేర్చి చుట్టూ శ్లాబులు వేస్తాం కదా. ఫోస్టర్ వాళ్లు వాటిని అంచులకు జరిపేశారు. అంతస్తులను ఉక్కు ట్రస్సులకు, అంటే కడ్డీలు కలిపి కట్టిన చట్రాలకు, పైనుంచి వేలాడదీశారు. దాంతో నడుమంతా ఖాళీ అయి, పైనుంచి అద్దాలు తిప్పిన ఎండ లోపలికి దిగుతుంది. కింద నేల కూడా ఖాళీయే, వీధిన పోయేవాళ్లు బ్యాంకు కిందుగానే దాటిపోతారు. ఆదివారాలు ఇళ్లల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు అట్టలు పరుచుకుని, అక్కడే కూర్చుని కబుర్లాడుకుంటారు. ఆ భవనంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

స్టాన్‌స్టెడ్ ఎయిర్‌పోర్టుదీ (1991) అదే బుర్ర. గాలి డక్టులు, కేబుళ్లు నెత్తిమీద కాకుండా నేల కింద పెట్టారు, కప్పు తేలికై పగటి వెలుతురు దిగింది. ఇది ఫొటోలో కనపడదు, భవనాన్ని నిలువునా కోసినట్టు గీసే సెక్షన్‌లోనే కనపడుతుంది.

లండన్‌లో థేమ్స్ నది మీద వీళ్లు డిజైన్ చేసిన నడక వంతెన, మిలీనియం బ్రిడ్జి కూడా పెట్టు. 2000 జూన్ 10న తెరిచారు, జనం నడుస్తుంటే పక్కలకి ఊగింది, రెండు రోజులకే మూసేశారు. ఊపు మొదలైతే మనుషులు తెలియకుండానే దానికి అడుగు కలుపుతారు, ఊపు ఇంకా పెరుగుతుంది. ఇంజనీర్లయిన ఆరప్ వాళ్లు పరీక్షలు చేసి, ఊపును అణిచే డ్యాంపర్లు బిగించాక, 2002లో మళ్లీ తెరిచారు. మీ సార్ ప్రశ్న అక్కడే పడుతుంది, చూడు.

అమరావతి ఎలాగూ అడుగుతారు, ప్రభుత్వ భవనాల సముదాయం ప్లాను వీళ్లదే కదా. రాజకీయాల జోలికి పోకు. ఐదున్నర కిలోమీటర్ల పొడవు, కిలోమీటరు వెడల్పు. అందులో 60 శాతం పచ్చదనం, నీళ్లు అన్నారు. మన మే నెల ఎండలో నడిచేవాడికి ఆ నీడ ఏ దారిలో అందుతుందో సైట్ ప్లాన్ ముందేసుకుని నువ్వే చూసి చెప్పు.

సెక్షన్లు మాత్రం చేత్తో గీయి. శుక్రవారంలోపు ఫొటో తీసి పంపితే చూసి పెడతాను.

అమ్మ