ఒట్టు అడగనందుకు

ఈ రోజుకి నేను మందు మానేసి అయిదు నెలలు. అందులో మొదటి నెలన్నర డీ అడిక్షన్ సెంటర్లోనే గడిచింది. థాంక్స్ చెప్పాల్సిన వాళ్ళకి ఎదురుగా చెప్పబోతే గొంతు పట్టేస్తోంది. అందుకే రాస్తున్నా.

నాది కావలి దగ్గర మోటార్ల వైండింగ్ షాపు. పొద్దున్నే క్వార్టర్ పడందే చేతిలో రాగి తీగ నిలిచేది కాదు. పడ్డాక చుట్ల లెక్క తప్పేది. నేను చుట్టిచ్చిన మోటారు వారానికే మళ్ళీ కాలి, ఒక రైతు నారుమడి ఎండిపోయింది. ఆయన నన్నొక్క మాటనలేదు. మొన్న మళ్ళీ నా దగ్గరికే మోటారు తెచ్చాడు. పెద్దాయనా, నీకు దణ్ణం. నేను లేని రోజుల్లో షాపు మూతపడకుండా చూసిన మా పిల్లోడికీ.

ఒకసారి నా అంతట నేనే ఆపేశాను. రెండో రోజు రాత్రి మూర్ఛొచ్చి పడిపోయాను. అంత అలవాటున్నోళ్ళు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుందని మాకు తెలీదు. ఇంట్లో ఎవరైనా అలా ఆపుతుంటే ముందు డాక్టరుకి చూపించండి. మా ఇంటామె 108 పిలిచి నన్ను బతికించుకుంది. తర్వాత టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే, అవతలి అమ్మాయి ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలుగులో వివరంగా చెప్పి, చివర్లో "మీరు ఏమన్నా తిన్నారా అమ్మా?" అని అడిగిందంట. ఆ మాటకే మా ఇంటామె ఏడ్చేసింది. ఎన్నేళ్ళైందో ఆమెనెవరన్నా ఆ మాట అడిగి.

సెంటర్లో మొదటి రాత్రులు గోడంతా చీమలు పాకుతున్నాయని అరిచేవాణ్ణి. విటమిన్ బి1 సూది వేసి, నేను నిద్రపోయేదాకా మంచం పక్కనే కూర్చున్న సిస్టర్, మీ రుణం తీరదు.

1992లో మా నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించాక మా ఊళ్ళోనూ ఆడవాళ్ళు కదిలారు. మా అమ్మ చీపురు పట్టుకుని ముందు నడిస్తే, ఆమె కొంగు పట్టుకుని నేనూ వెళ్ళా. మరుసటేడు అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ తల్లి కొడుకుని నేను. సెంటర్‌కి వచ్చినప్పుడల్లా ఆ మాట ఎత్తుతుందేమోనని వణికేవాణ్ణి. నిమ్మకాయ ఊరగాయ చేతిలో పెట్టి, అన్నం తింటున్నావా అని అడిగి వెళ్ళేది. అంతే.

నా భయం కూడా చెప్పాలి. రెండేళ్ళు అయ్యప్ప మాల వేశాను. 41 రోజులూ చుక్క ముట్టలేదు. మాల తీసిన రోజే తాగాను, రెండుసార్లూ. పిల్లల తల మీద చెయ్యిపెట్టి వేసిన ఒట్లు కూడా నిలవలేదు. ఈ అయిదు నెలలూ అలాంటి మాలేనేమో అని రాత్రిళ్ళు మెలకువొస్తుంది. డిశ్చార్జి రోజు డాక్టరమ్మతో "ఇంక ముట్టనని రాసిస్తా మేడమ్" అన్నాను. "వద్దు. తాగాలనిపించిన రోజు దాచకుండా చెప్పు, చాలు" అన్నారు. నాకు చెప్పకుండా అన్నంలో తాగుడు మాన్పించే ఏ మాత్రా కలపొద్దని మా ఇంటామెకీ గట్టిగా చెప్పారు. మేడమ్, నన్ను నమ్మినట్టు మాట్లాడిన మొదటి డాక్టరు మీరే.

ఆదివారం ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుండే వాళ్ళ సంఘం) మీటింగులో నన్ను పక్కన కూర్చోబెట్టుకునే అన్న ఒక సంగతి చెప్పాడు. 1935లో అమెరికాలో, అక్రన్ అనే ఊళ్ళో, తాగుడు మానేసిన ఒకాయనకి హోటల్లో మళ్ళీ తాగాలనిపించింది. బారులోకి పోకుండా ఫోను దగ్గరికి పోయి, తనలాంటి ఇంకో తాగుబోతుని వెతుక్కున్నాడు. ఆ ఇద్దరితోనే ఏఏ మొదలైంది. అప్పటికి ఆయన మానేసి ఎన్నాళ్ళన్నా అని అడిగా. "అయిదు నెలలు" అన్నాడు.

ఎల్లుండి మా బామ్మర్ది పెళ్ళి. రాత్రికి మిద్దె మీద సీసాలు తెరుస్తారు, నన్నూ పిలుస్తారు. పోనని ఇక్కడ ఒట్టు వెయ్యను. ఫోను మాత్రం జేబులో ఉంటుంది. అన్నా, ఆ రాత్రి నీ ఫోను సైలెంట్లో పెట్టకు.